అక్క కుట్టిన లైఫ్ జాకెట్

ఎవరింటికి వెళ్లినా నా కళ్లు ముందు రెండో తలుపు కోసం వెతుకుతాయి. పెళ్లి మండపమైనా, సినిమా హాలైనా, ఆసుపత్రి అయినా అంతే. మంట లేస్తే జనం ఎటు పరుగెత్తుతారు, ఆ దారికి అడ్డంగా ఎవరు ఏం పెట్టారు, ఇవన్నీ చూసుకున్నాకే నాకు కూర్చోబుద్ధవుతుంది. హిందూపురంలో మా ఆవిడకి ఇదొక పెద్ద తలనొప్పి. ఇన్వర్టర్ పక్కన పాత పేపర్లు పేర్చిందనీ, సెల్‌ఫోను దిండు కింద పెట్టి ఛార్జింగ్ చేస్తోందనీ వచ్చిన రోజే గొడవ పెట్టుకుంటాను. "నువ్వు లీవుకొస్తివా, తనికీకొస్తివా?" అంటుంది. రెండింటికీ అంటాను. అప్పుడు తను ఆ పేపర్లు తీసుకెళ్లి గ్యాస్ సిలిండర్ పక్కన పెడుతుంది.

నా తప్పేమీ లేదు, నా ఉద్యోగం అలాంటిది. మాల్దీవుల దగ్గర సముద్రంలో తిరిగే ఒక పడవ మీద భద్రత చూసుకునేవాణ్ణి నేను. పడవంటే చిన్నది కాదు, మేడ ఇల్లంత ఉంటుంది. నీళ్లలో మునిగి చేపల్నీ పగడపు దిబ్బల్నీ చూడాలని వచ్చినవాళ్లు వారం పాటు దాని మీదే తిని, దాని మీదే పడుకుని, గాలి సిలిండర్లు వీపుకు కట్టుకుని పూటపూటా సముద్రంలోకి దూకుతారు. దూకినవాళ్లందరూ తిరిగి పైకి వచ్చారా లేదా అని చూసుకోవడం నా పని. వంటగదిలో గిన్నెలు కడగడానికి చేరి, ఏళ్ల మీద ఈ పనిలోకి వచ్చాను. అనంతపురం వైపు నుంచి వచ్చి సముద్రం మీద ఏం చేస్తావని తోటి తెలుగువాళ్లు ఎగతాళి చేస్తుంటారు. వాళ్లు బుక్కపట్నం చెరువు చూడలేదు.

కొత్త అతిథులు ఎక్కిన సాయంత్రం, వాళ్లకి ఇచ్చిన జ్యూసు తాగడం పూర్తవకముందే నేను వాళ్లని డెక్కు మీద నిలబెడతాను. అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగిస్తాను. ఎంత ఉన్నవాళ్లయినా నారింజ రంగు జాకెట్లో మెడ కదపలేక నిలబడితే బడిపిల్లల్లా కనిపిస్తారు, అది చూడటం నాకు కొంచెం ఇష్టమే. కింది గదుల్లో పడుకునేవాళ్లని ఆపదలో బయటపడే ఇరుకైన రెండో దారి గుండా ఒక్కొక్కరినీ పైకి ఎక్కిస్తాను. పొట్ట ఉన్నవాళ్లు విసుక్కుంటారు. ఇప్పుడు ఎక్కలేకపోతే పొగలో అసలు ఎక్కలేరు సార్ అంటాను. కెమెరా బ్యాటరీలు గదుల్లో ఛార్జింగ్ పెట్టకూడదు, ఎవరో ఒకరు చూస్తుండగా పై డెక్కు మీదే పెట్టాలి. ఆక్సిజన్ పెట్టె తెరిచి సిలిండర్ నిండుగా ఉందో లేదో రోజూ పొద్దున చూస్తాను. నీళ్లలోకి ఒంటరిగా ఎవరూ పోకూడదు, ఎంత అనుభవం ఉన్నా సరే, జత ఉండాల్సిందే. పైకి వచ్చాక ఎవరి పేరుకి వాళ్లే పలకాలి. భర్త తరఫున భార్య పలికినా నేను రాసుకోను. ఆయన స్నానం చేస్తున్నారండీ అంటే స్నానాల గది తలుపు కొట్టి గొంతు విన్నాకే వెనక్కి వస్తాను.

ఏడాదికోసారి జాకెట్ల పరీక్ష ఉంటుంది. ఒక్కోదానికీ బరువు కట్టి నీళ్ల తొట్టిలో వేసి చూస్తాం. బరువుని మోస్తే మంచిది, మోయకపోతే చెడిపోయినట్టు. లోపలి ఫోము ఎండకి ఎండి గట్టిపడిపోతుంది, పైకి మాత్రం కొత్తదానిలాగే ఉంటుంది. అందుకని చెడిపోయినవాటిని పక్కన పెట్టి ఊరుకోం, కత్తితో అడ్డంగా కోసేస్తాం. పొరపాటున కూడా ఇంకెవరూ తొడుక్కోకుండా ఉండాలని ఆ కోత. పడవల మీద పనిచేసేవాడికి ఆ కోత చూడగానే అర్థమైపోతుంది, దీన్ని నమ్మకూడదని.

మా అక్క ఇంట్లో మాత్రం కోత కనిపిస్తే దానికి ఒకటే అర్థం, కుట్టాలని.

మా అమ్మ పోయేటప్పటికి నేను పలక పట్టే వయసులో ఉన్నాను. అక్క అప్పటికే ధర్మవరంలో ఒక టైలరింగ్ షాపులో రవికెలు కుట్టేది. పట్టుచీరల మీదికి రవికె కుట్టాలంటే చేతిలో పనితనం ఉండాలి, కుట్టు కనపడకూడదు. అక్క కుట్టు కనపడదు. నన్ను తన మిషను పక్కనే కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించింది, తన టిఫిన్‌లో సగం పెట్టింది. బుక్కపట్నం సంబంధం వచ్చినప్పుడు తమ్ముణ్ణి కూడా తీసుకెళ్లనిస్తేనే పెళ్లి అని చెప్పిందట. "వాడొస్తే నాకూ చెరువు కాడ ఒక జతుంటాది" అన్నాడట బావ. ఆ ఒక్క మాటకి నేను బావకి జీవితాంతం బానిసని. నాకు ఈత నేర్పింది ఆయనే, వీపుకి ఖాళీ డబ్బా కట్టి.

చేపలు పట్టడం బావ వాళ్ల ఇంటి పనే అయినా, బావ ఆటో కొనుక్కుని పెనుకొండకీ ధర్మవరానికీ మధ్య తిప్పేవాడు. ఒకరోజు పెనుకొండ బస్టాండులో ఆటో ఆపుకుని, మనుషుల కోసం చూస్తూ చూస్తూ కింద పడిపోయాడు. ఫిట్స్. నోట్లో నురగ చూసి జనం చేతిలో తాళాలు పెట్టి, కాళ్లు పట్టుకున్నారు. ఆటో ఆగి ఉంది కాబట్టి సరిపోయింది. హిందూపురంలో డాక్టరుకి నేనే చూపించాను. మాత్రలు మానకూడదు, బండి నడపకూడదు, ఎత్తులు ఎక్కకూడదు, నీళ్లలోకి పోకూడదు అని ఆయన చెప్పాడు. "మరి నేను యాడుండల్ల సార్?" అని అడిగాడు బావ. డాక్టరు నవ్వాడు కానీ బావ నిజంగానే అడిగాడు.

ఆటో అమ్మేశారు. కొన్నాళ్లు ఇంట్లో కూర్చున్నాడు. ఇంట్లో కూర్చున్న మగవాడు తన ఇంటివాళ్లకి ఎంత భారమో తనకే ఎక్కువ తెలుస్తుందేమో, ఒకరోజు ఎవరికీ చెప్పకుండా గుండ్రటి బుట్ట లాంటి పాత పుట్టి పడవ దించి చెరువులోకి వెళ్లిపోయాడు. అక్క ఏడ్చింది, తిట్టింది, నా చేత ఫోనులో తిట్టించింది. బావ అన్నిటికీ "ఊఁ" అని, మర్నాడు మళ్లీ పోయాడు. ఇక అక్క చేసేదేమీ లేక కట్ట మీద కూర్చోవడం మొదలుపెట్టింది. అక్కకి చెరువంటే భయం, చీలమండ దాటి ఎప్పుడూ నీళ్లలోకి దిగలేదు. దిగలేని మనిషి కట్ట మీద కూర్చుని చేయగలిగింది ఏముంది? అయినా కూర్చునేది. పుట్టి ఒడ్డుకి తగిలేదాకా లేచేది కాదు.

ఆ సంగతి తెలిసిన ఏడాదే నేను లీవుకి వస్తూ అక్కకి గాజు గిన్నెల సెట్టు ఒకటి తెచ్చాను. పగలకుండా మెత్తగా ఏదైనా చుట్టాలి గదా, మేం కోసి పడేసిన జాకెట్లు రెండు కనిపిస్తే వాటిలో చుట్టి పెట్టెలో సర్దాను. అక్క గిన్నెలు తీసి మురిసిపోయింది. జాకెట్లు చేత్తో పట్టుకుని ఇటూ అటూ తిప్పింది.

"ఇవేందప్పా?"

"అవి ప్యాకింగుకి తెచ్చినాక్కా. పనికిరావు, పారేయ్."

మా అక్క ఇంట్లో పారేయ్ అన్న మాటకి విలువ లేదు. పాత చీర బొంత అవుతుంది, బొంత పోతే కాళ్లు తుడుచుకునే పట్టా అవుతుంది. నేను హిందూపురం వెళ్లిపోయాను, లీవు అయిపోయాక మళ్లీ పడవెక్కాను. ఆ ఏడాదంతా ఫోనులో అక్క గొంతు కొంచెం తేలిగ్గా వినిపించింది. బావ గురించి అడిగితే, "ఇప్పుడు నాకు ధైర్యంగా ఉండాది. నువ్వొచ్చినాక సూస్తువులే" అనేది. మాత్రల వల్ల బావ ఆరోగ్యం కుదుటపడిందనుకుని నేనూ సంతోషించాను.

మళ్లీ లీవు వచ్చింది. హిందూపురంలో ఇల్లు తనిఖీ చేసి, మా ఆవిడ చేత తిట్లు తిని, బస్సెక్కి పెనుకొండలో దిగి, అక్కడ ఇంకో బస్సు పట్టుకుని పొద్దెక్కేసరికి బుక్కపట్నం చేరాను. అక్క మిషను మీద ఉంది. లేచి నా చేయి పట్టుకుని, కాఫీ కూడా ఇవ్వకుండా, కట్ట మీదికి లాక్కుపోయింది. "సూడు" అంది.

వానలు బాగా పడిన ఏడాది, చెరువు నిండుగా ఉంది. చాలా దూరంగా నీళ్ల నడిమధ్య ఒక పుట్టి. అందులో నారింజ రంగు చుక్క.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎన్ని వందల మందికి ఆ రంగు తొడిగానో, నావాళ్లలో ఒకరి ఒంటి మీద దాన్ని చూడటం అదే మొదటిసారి. "యాడ తెచ్చినారుక్కా?" అని అడిగాను.

"నువ్వు తెచ్చినవే గదప్పా. ఎవరో పాపిష్టోళ్లు కత్తితో కోసినారు. నువ్వేమో చినిగినవి ఇయ్యలేక పారేయ్ అంటివి. నాకు తెలీదా?" అంది అక్క. "ఒకటి మీ బావకి. ఇంకోటి నువ్వొస్తే నీకని పెట్టినా."

ఇంటికొచ్చి పెట్టెలోంచి తీసి నా చేతుల్లో పెట్టింది. నేను చేసే పనిలో ఎన్నో జాకెట్లు చూశాను, అంత అందమైన దాన్ని చూడలేదు. కోత ఎక్కడుందో వేలితో తడిమితే గానీ తెలియలేదు. అదే రంగు పట్టుదారం ధర్మవరం నుంచి తెచ్చి, పోగుకి పోగు కలిపి కుట్టింది. మెడ దగ్గర గుచ్చుకోకుండా మెత్తటి నూలుగుడ్డ అంచు వేసింది. నేను అలవాటు కొద్దీ దాన్ని రెండు చేతులతో నొక్కాను. వేళ్లు లోపలికి దిగిపోయాయి.

"లోపల ఏం పెట్టినావుక్కా?"

"అదా, దాంట్లో ఉన్నది చెక్క మాదిరి గట్టిగా ఉండె. మీ బావకి మెడ ఒరుసుకుంటాది గదా. తీసేసి మన పాత పరుపులో స్పాంజి పెట్టినా. పిల్లోళ్లకి ఏసినా ఒత్తుకోదు."

ఫోములోకి నీళ్లు పోవు, అందుకే అది తేలుతుంది. స్పాంజి నీళ్లని తాగుతుంది. ఆ జాకెట్ తొడుక్కుని నీళ్లలో పడినవాడు కాసేపటికి మునిగిపోతాడు, జాకెట్ లేనివాడి కంటే ముందే మునిగిపోతాడు. పైగా ఫిట్స్ వచ్చినవాడికి ఈత వచ్చినా రానట్టే. అక్క నా ముఖంలోకే చూస్తోంది, బాగుందన్న మాట కోసం. "చాలా బాగుందక్కా" అన్నాను. అది అబద్ధం కాదు. బావని ఒకసారి పలకరించి వస్తానని చెప్పి కట్ట వైపు నడిచాను, అక్క కంటికి కనిపించినంత సేపూ పరుగెత్తకుండా.

ఎవరికైనా ఆపద అనిపిస్తే గబుక్కున నీళ్లలోకి దూకకూడదు, తేలేది ఏదైనా చేతిలో లేకుండా పోకూడదు అని వారం వారం జనానికి చెప్పే మనిషిని. మూతలు బిగించిన ఖాళీ నీళ్ల క్యాన్లు రెండు తాడుతో కలిపి కట్టి, ఒడ్డున ఉన్న వాళ్లనడిగి పుట్టి తీసుకుని తెడ్డు వేశాను. ఎన్నాళ్లో అయింది, పుట్టి నా మాట వినక గిరగిర తిరిగింది. దూరం నుంచే బావ నన్ను గుర్తుపట్టి నవ్వుతున్నాడు. నేను కూడా నవ్వుతూ, మనసులో మాత్రం ఇప్పుడు రావద్దు, ఇప్పుడు రావద్దు అని ఆ జబ్బుని బతిమాలుకుంటూ పోయాను.

దగ్గరికి చేరి రెండు పుట్టిలూ కలిపి పట్టుకున్నాక అన్నాను. "బావా, ఈ జాకెట్ తీసెయ్."

"ఏమబ్బా, వచ్చీ రాంగానే?"

"ఇది తేలదు బావా."

బావ వల చూసుకుంటూ, "తెలుసు" అన్నాడు.

బావే చెప్పుకొచ్చాడు. "పోయిన కార్తీకంలో వల తగులుకుంటే దిగినా. నడుం లోతే. గట్టెక్కేతలికి ఇది నీళ్లు తాగి బస్తా మాదిరి అయిపాయ. రెండు దినాలు ఎండల్లో పెట్టినా ఆరలేదు. మీ అక్కకి వానలో తడిసిందని చెప్తి."

"తెలిసీ దినామూ ఏసుకుంటాండావా?"

"ఇది లేనప్పుడు ఆయమ్మ యాడ కూచుంటాండెనో నీకు తెలుసునా? ఆ కట్ట మీద, ఎండకి. మిషను ముట్టుకునేది లేదు, అన్నం తినేది లేదు. నేను ఈడ వల ఇసిరినా ఆయమ్మ కండ్లే నా మింద. ఇది ఏసుకున్న దినం నుంచి ఇంట్లో ఉంటాది, పాటలు పెట్టుకుని కుట్టుకుంటాది, మధ్యాన్నం రవ్వంత పండుకుంటాది. నాకు అంత చాలు." వల సర్దుకుంటూ, "చెప్పద్దప్పా ఆయమ్మకి" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. ఈ మనిషి తన ప్రాణం తీసే వస్తువుని రోజూ పొద్దున గుండెల మీద కట్టుకుంటున్నాడు, కట్టుకున్న పెళ్లాం మధ్యాహ్నం కాస్త కునుకు తీయాలని. దాన్ని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు. తిట్టాలని నోరు తెరిచి, జాకెట్ బకిల్ విప్పి, దాని బదులు క్యాన్ల తాడు ఆయన నడుముకి కట్టి, ఒడ్డుకి తీసుకొచ్చాను. దారిలో ఆయన ఎన్ని కబుర్లు చెప్పినా నేను పలకలేదు.

చెప్పకుండా ఉందామని నేనూ ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను. బెంగుళూరు నుంచి మంచి జాకెట్ తెప్పించి, ఏదో ఒకటి చెప్పి మార్చేయవచ్చు. కానీ అక్క దాన్ని కూడా విప్పుతుంది. మెడ ఒరుసుకుంటుందని దాన్నీ మెత్తగా చేస్తుంది. ఎందుకు చేయకూడదో తెలియనివాళ్లు ప్రేమతో అదే పని మళ్లీ చేస్తారు, నేను పడవ మీద చూశాను. అందుకని ఆ సాయంత్రం అక్కని చెరువు దగ్గర బట్టలుతికే బండల దాకా తీసుకెళ్లాను. బావ వెనకాలే వచ్చాడు, చెప్పులు ఈడ్చుకుంటూ.

నాకని దాచిన జాకెట్‌కి ఒక రాయి కట్టాను. "మేము పడవ మింద ఇట్లనే సూస్తామక్కా" అని నీళ్లలోకి వదిలాను. మొదట తేలింది. అక్క నా వైపు గర్వంగా చూసింది. ఆ తర్వాత బుడగలు వచ్చాయి, మెల్లమెల్లగా ఒక పక్కకి ఒరిగింది, నారింజ రంగు మసకబారి, కిందికి పోయింది. తాడు నా చేతిలో బిగుసుకుంది.

అక్క ఆ నీళ్ల వైపు చాలాసేపు చూసింది. నేను స్పాంజి గురించి, ఫోము గురించి చెప్పాను. కుట్టులో లోపం ఏమీ లేదక్కా అని కూడా చెప్పాను. తను విన్నదో లేదో. తిరిగి బావ వైపు చూసింది. బావ చెరువు అవతల ఏదో ఉన్నట్టు చూస్తున్నాడు. మాటతో అబద్ధం ఆడగలడు గానీ ముఖంతో ఆడలేడు మా బావ.

"నీకు తెలుసు గదా" అంది అక్క.

అక్క అక్కడే బండ మీద కూర్చుని చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను దగ్గరికి పోబోతే వద్దని చెయ్యి ఊపింది. చివరికి బావే పోయి పక్కన కూర్చున్నాడు. తోసేసింది. మళ్లీ కూర్చున్నాడు.

ఆ తర్వాత కొన్ని రోజులు అక్క బావతో నేరుగా మాట్లాడలేదు. అన్నీ నా ద్వారానే. "మీ బావకి చెప్పు, మాత్రలేసుకోమని." బావ నా ఎదురుగానే కూర్చుని, "ఏసుకుంటి అని చెప్పప్పా మీ అక్కకి" అనేవాడు. ఇద్దరి మధ్య నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీ నడిపాను. ఆ రోజుల్లోనే ముగ్గురం హిందూపురం వెళ్లి డాక్టరుని కలిశాం. ఆయన మాత్రలు మార్చి, నీళ్లలోకి పోవద్దని మళ్లీ చెప్పి, పోతున్నాడని తెలిసి ముగ్గురినీ కలిపి చీవాట్లు పెట్టాడు. బయటికొచ్చాక బస్టాండులో బావ నా చెవిలో, "చేపలు పట్టకుంటే నేనేం మనిషినబ్బా?" అన్నాడు. ఆ మాట అక్క విన్నది.

బెంగుళూరు నుంచి కొత్త జాకెట్ వచ్చిన రోజు అక్క దాన్ని నొక్కి చూసి, "ఇంకోటి తెప్పియ్యి" అంది.

"ఎవరికక్కా?"

"నాకు. ఒంటరిగా ఎవరినీ పోనీయం అని చెప్తివి గదా మీ పడవ మింద. ఈయప్పకి జత ఎవరుండారు?"

నేను, బావ ఇద్దరం నవ్వాం. అక్క నవ్వలేదు. రెండో జాకెట్ కూడా వచ్చాక, చీర మీద బావ చొక్కా తొడుక్కుని, దాని మీద జాకెట్ కట్టుకుని, ఒడ్డున నిలబడింది. నేను ముందు నడుం లోతుకి దిగి చేతులు చాచాను. వెల్లకిలా పడుకోక్కా, అదే మోస్తుంది అన్నాను. కళ్లు గట్టిగా మూసుకుని వెనక్కి వాలింది. తన తల నా అరచేతిలో ఉంది. చిన్నప్పుడు నన్ను కాళ్ల మీద వేసుకుని తలంటిన మనిషి తల అది, ఎంత తేలికగా ఉందో. చెయ్యి తీస్తున్నానని చెప్పి తీశాను. అక్క తేలింది. కళ్లు తెరిచి ఆకాశం చూసి, "మునగలేదప్పా" అంది. నేను ముఖం పక్కకి తిప్పుకున్నాను.

లీవు అయిపోయేలోపు నేర్పగలిగిందంతా నేర్పాను. ఫిట్స్ వస్తే పుట్టిలో నిలబడకూడదు, కూర్చునే తల పట్టుకుని ఒక పక్కకి తిప్పాలి. చేతిలో ఇనుము పెట్టడం, నోట్లో ఏదైనా కుక్కడం వద్దు. నీళ్లలో పడితే కాలరు పట్టుకుని ముఖం పైకి ఉండేటట్టు చూడాలి, వదలకూడదు, జాకెట్‌కి కట్టి ఉన్న విజిల్ ఊదాలి. నడి చెరువుకి పోకూడదు, ఒడ్డు కనిపించేంత దూరమే, మిగతా పుట్టిలు తిరిగే పొద్దుటి పూటే. విజిల్ వినిపిస్తే రావాలని చేపలు పట్టేవాళ్లందరికీ చెప్పాను. అక్క రోజూ ఇదంతా నాకు అప్పజెప్పేది. బావ కళ్లు మూసుకుని పేషెంటు వేషం వేసేవాడు, మధ్యలో నవ్వొచ్చి దొరికిపోయేవాడు.

నేను పడవ మీదికి తిరిగి వచ్చిన కొన్ని నెలలకి అక్క ఫోను చేసింది. గిన్నెలు, వానలు, ధర్మవరం షాపువాళ్లు దారాల రంగు తప్పు పంపడం, అన్నీ అయ్యాక చెప్పింది.

"నిన్న మీ బావకి వచ్చింది. పుట్టిలోనే. పట్టుకునేలోపల జారిపాయ నీళ్లలోకి. నేనూ దూకితిని."

"తర్వాతక్కా?" అన్నాను.

"కాలరు పట్టుకుంటి. మొగం పైకే ఉండె. ఊదితి. అందరూ వచ్చినారు. ఇప్పుడు బాగుండాడు, అన్నం తింటాండాడు. హిందూపురం పొయ్యి సూపిచ్చుకోని వస్తిమి. ఆడ నాకు భయం కాలేదప్పా. ఇంటికొచ్చినాక చేతులు వణికె. సూదిలోకి దారం ఎక్కిచ్చేకి కాలేదు."

బావ ఫోను లాక్కున్నట్టున్నాడు. ఎట్లున్నావు బావా అని అడిగాను. మామూలుగా ఏదో ఒక వేళాకోళం ఆడే మనిషి, ఆ రోజు ఆడలేదు.

"ఫిట్సు ఎప్పుడొచ్చినా, కండ్లు తెరిస్తే యాడుండానో తెలిసేది కాదబ్బా" అన్నాడు. "చుట్టూ ఎవరెవరో ఉంటాండ్రి. శానా భయమయితాండె, ఎవరికీ చెప్పలేదు. ఈ తూరి కండ్లు తెరిస్తే నీళ్లలో ఉండా, మీ అక్క మొగం కనపడె. భయమే కాలేదు."